మరలి లేచుట

భర్తృహరి సుభాషితములలో మనుజులను మూడు తెగలుగా విభజించిన శ్లోకమొకటి కలదు. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన రూపమున మన పిల్లలెల్లరు దానిని బడిలో వల్లించియే యుందురు. విఘ్నమునకు వెరచి పనిని మొదలే పెట్టనివాడు అధముడు. మొదలుపెట్టి, విఘ్నము తగులగానే విడిచిపెట్టువాడు మధ్యముడు. ఎన్ని విఘ్నములు తగిలినను చేపట్టినదానిని విడువనివాడు ఉత్తముడు. భావము మంచిదే. సోమరులకును పిరికివారికిని చెప్పదగిన మాటయే. కాని ఈ మూడు తెగలలో ఒక మనుష్యునకు చోటు లేదు. ధైర్యముతో పని మొదలుపెట్టి, సాగించినచో చెడునని కన్నులార చూచి, పదిమంది చూచుచుండగా దానిని విడిచిపెట్టువాడు ఏ తెగవాడు? బడిపిల్లల లెక్కలో వాడు మధ్యముడు. విమానము నడుపువారి లెక్కలో వాడే ఉత్తముడు. ఈ రెండు లెక్కలకు గల అంతరము వలన మనుష్యులు మరణించుచున్నారు గనుక, ఇది పండితులు తీరికవేళ తీర్చుకొనవలసిన వాదము మాత్రము కాదు.

ఆకాశమున నున్నంతసేపు విమానమునకు ఆపద తక్కువ. నేలకు చేరువైనప్పుడే ఎక్కువ. అందులోను దారి పొట్టిదైనచో చెప్పనక్కరలేదు. చిన్న విమానమునే తీసికొందము. శిక్షణశాలలలో తరచుగా కనబడు సెస్నా 152 అనునది ఇద్దరు కూర్చుండదగినది. 50 అడుగుల యెత్తుగల అడ్డును దాటి దిగి నిలుచుటకు దానికి 1,200 అడుగుల దూరము చాలునని తయారు చేసినవారి పట్టిక చెప్పును; అందులో చక్రములు నేలపై పరుగిడునది 475 అడుగులే. ఈ అంకెలను చూచినవారికి ఎంత పొట్టి దారియైనను చాలునని తోచును. కాని ఆ పట్టిక సముద్రమట్టమునకు, గాలి కదలని చల్లని దినమునకు, ఆరిన చదును రన్‌వేకు, సరియైన వేగమునకు వ్రాయబడినది. నల్లగొండ, మహబూబ్‌నగరు మెట్టల యెండలో గాలి పలుచనగును. పలుచని గాలిలో విమానము మరింత వేగముతో వచ్చి నేలను తాకవలసియుండును. ఆగుటకు కావలసిన దూరమో, వేగము పెరిగినంతయే పెరుగునది కాదు. వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. నూటికి పది పాళ్లు వేగము హెచ్చినచో దూరము నూటికి ఇరువదియొక్క పాళ్లు హెచ్చును.

ఇదియు నేలను తాకిన తరువాతి మాట. తాకుటకు ముందే, వేగము మిగిలియున్న విమానము నేలకు రెండు మూడడుగుల యెత్తున తేలిపోవుచుండును. క్రింద రన్‌వే కరగిపోవుచుండును. నడుపువాడు ఓపిక పట్టలేక ముక్కును క్రిందికి నొక్కును. ముందు చక్రము మొదట తాకి విమానము బంతివలె ఎగురును. మరల నొక్కును, మరల ఎగురును. మూడవమారు ముందు చక్రపు కాలు విరుగును, లేదా దారి చివరి గట్టు ఎదురగును. పొట్టి దారులపై చిన్న విమానములకు కలుగు ప్రమాదములలో మిక్కిలి మామూలు కథ యిది. ఇందు ఇంజనులో లోపము లేదు, రెక్కలో లోపము లేదు. వేగము హెచ్చెనని నడుపువానికి తెలియదనుటకును వీలు లేదు. కన్నులకెదురుగా ముల్లు చూపుచునే యుండును.

దీనికి మందు అతి సులభమైనది. దిగుట మానుకొనుట. ఇంజనునకు పూర్తి బలమిచ్చి పైకి లేచి, ఒక చుట్టు తిరిగి వచ్చి, మరల ప్రయత్నించుట. దీనినే వారు గో-ఎరౌండ్ అందురు. కొన్ని నిమిషముల కాలము, కొంత పెట్రోలు. అంతకు మించిన నష్టము లేదు. అయినను ఈ మందును మనుష్యులు మింగరు. ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అను సంస్థ పెద్ద విమానములనుగూర్చి విచారించి 2017లో ప్రకటించినదేమనగా, వేగమో ఎత్తో కుదరక చెడిన దిగుడులు నూరింటిలో మరలి లేచినవి మూడు మాత్రమే. తక్కిన తొంబదియేడును దిగియే తీరినవి. వానిలో ఎక్కువ భాగము క్షేమముగానే దిగినవి. చిక్కంతయు అచ్చటనే యున్నది. తప్పు చేసి తప్పించుకొన్న ప్రతివాడును, ఆ తప్పు తప్పు కాదని ఒక పాఠము నేర్చుకొని యింటికి పోవును.

ఇవన్నియు మనకు దూరపు సంగతులని పాఠకులు తలపరాదు. పోచంపల్లి 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరువరకు నల్లగొండ జిల్లాలోనిదే. ఆ నల్లగొండకు దక్షిణపు టంచున, కృష్ణకు ఆవలి యొడ్డున, నాగార్జునసాగరము చెంత విజయపురి సౌత్‌లో చిన్న విమానములు దిగు దారి యున్నది. అచ్చట పైలట్ శిక్షణ జరిగినది. అచ్చటినుండి లేచిన సెస్నా 152 ఒకటి 2022 ఫిబ్రవరి 26న పెద్దవూర మండలము తుంగతుర్తి పొలములలో కూలినది. ఒంటరిగా నడుపుచుండిన శిక్షణార్థిని మరణించినది. అది దిగు సమయమున జరిగిన ప్రమాదము కాదు గనుక దాని కారణములను ఇచ్చట తూచుట న్యాయము కాదు. ఆ దినమున పొలములో పని చేయుచుండినవారు పరుగెత్తి చూచినది ఏదో విదేశపు యంత్రమును కాదు, ఒక యింటి బిడ్డను అనునది మాత్రము మరువరాదు. నేడు మన మధ్యతరగతి గృహములనుండి ఆడపిల్లలును మగపిల్లలును ఈ విద్యకు పోవుచున్నారు. కనుక వారు ఏ మనస్సుతో ఆ దారిపై దిగుదురో అది మన గృహములలో తయారగుచున్న మనస్సే.

మరలి లేచుటకు మనుష్యుడేల వెనుకాడును? సిగ్గు మొదటి కారణము. చిన్న దారి ప్రక్కన గురువుండును, తోటి శిష్యులుందురు. ఒకమారు మరలినవానిని చూచి చిరునవ్వు నవ్వుదురు. విరాటపర్వములో కౌరవసేనను చూచి రథము దుమికి పరుగెత్తిన ఉత్తరకుమారుని పేరు నేటికిని మన పలుకుబడిలో నవ్వులపాలై యున్నది. ఉత్తరుడు వెరచి పరుగెత్తెను; లెక్క చూచి మరలినవాడు వేరు. కాని చూచువారికి వెనుకనుండి ఇరువురి వీపులును ఒకటిగానే కనబడును. ఈ భేదమును గుర్తించు ఓపిక లోకమునకు తక్కువ.

రెండవ కారణము ధనము. దీనినిగూర్చి నీతిబోధకులు మాటలాడరు. నాకు మాత్రము ఇదియే ముఖ్యముగా తోచుచున్నది. మన దేశమున జీతమునకు విమానము నడుపు లైసెన్సు పొందుటకు 200 గంటలు ఎగిరి యుండవలెను. ప్రతి గంటకు రుసుము కలదు. ఆ రుసుమునకై తండ్రి బ్యాంకులో అప్పు చేసియుండును, లేదా తల్లి నగలు కుదువబెట్టబడి యుండును. ప్రతి చుట్టును ఇంత సొమ్మని మనస్సులో లెక్క వేసికొనుచున్న పిల్లవానికి, చెడిన దిగుడును సరిపెట్టుకొనవలెనను ఆశ పుట్టుట ఆశ్చర్యము కాదు.

పోచంపల్లి మగ్గమును ఎరిగినవారికి ఈ సంగతి వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. అచ్చట బొమ్మను నేసిన గుడ్డపై అద్దరు. నూలుపోగులకే లెక్క ప్రకారము ముడులు కట్టి, రంగులో ముంచి, ముడులు విప్పి, ఆ పోగులను మగ్గమునకెక్కించి నేయుదురు. పడుగులోని రంగును పేకలోని రంగును తమతమ చోట్ల కలిసిననే బొమ్మ తేరును. ఒక పోగు జరిగినచో తరువాతి వరుసలన్నియు దాని వెంట జరుగును. మంచి నేతగాని కన్ను దానిని రెండు మూడు పేకలలోనే పట్టును. పట్టిన తరువాత చేయవలసినది నాడె ఆపి, నేసిన పేకను వెనుకకు తీసి, సరిచేసి, మరల నేయుట. కాని వానికి కూలి చీరకింత అని యున్నచో, తీసిన పూట కూలి యెవరిత్తురు? నూలిచ్చి నేయించుకొను వర్తకుడు ఇయ్యడు. కనుక వాడు పోగును సాగదీసి, అద్ది, సరిపెట్టి ముందుకు పోవును. వాని నీతి చెడినదని ఇంటిలో చీర కట్టుకొన్నవారు అనుట సులభము. వెనుకకు తీయుట వలన కలుగు నష్టమును ఎవరు భరింపవలెనో నిర్ణయింపక, వెనుకకు తీయని వానిని నిందించుట మాత్రము న్యాయముగా తోచదు. చీర చెడినచో తగ్గు ధరకు అమ్మవచ్చును. విమానమునకు ఆ యవకాశమును లేదు.

మరలుటకే వీలులేని దారులును కొన్ని కలవు. నేపాళములో ఎవరెస్టు శిఖరమునకు పోవువారు దిగు లుక్లా అట్టిది. దారి పొడవు 527 మీటర్లు. ఒక కొన కొండను ఆనుకొని, వేరొక కొన లోయలోనికి తెగి, మధ్య నూటికి పండ్రెండు పాళ్ల వాలుతో నుండును. ఎదుట కొండ యుండుట చేత, చివరి దాపునకు వచ్చిన విమానము మరలి లేచుట అసాధ్యము. 2008 అక్టోబరు 8న ఒక ట్విన్ ఆటర్ విమానము అచ్చట దిగబోవుచు పొగమంచులో చిక్కి, దారికి ముందున్న కంచెను తగిలి కూలినది. లోనున్న పందొమ్మిదిమందిలో నడుపువాడొక్కడే బ్రదికెను. ఇట్టిచోట మరలుట యనునది కొండ దాపున తేల్చుకొనవలసినది కాదు. ఇంకను దూరముగ, దారి కనబడుచునే యుండగా, మనస్సు అంతయు బాగుగనే యున్నదని చెప్పుచున్నప్పుడే తేల్చుకొనవలసినది. మనుష్యునకు అంతకంటె కష్టమైన పని వేరొకటి యుండదు.

ఇంతవరకు ఒంటరివాని మాట చెప్పితిమి. విమానములో ఇరువురున్నప్పుడు, ఒకరు పెద్ద, ఒకరు చిన్నయైనప్పుడు, ప్రశ్న మరియొక రూపము దాల్చును. మంగుళూరు ప్రమాదము పెద్ద విమానమునకు కలిగినదైనను ఈ విషయమున దానిని మించిన నిదర్శనము లేదు. 2010 మే 22న దుబాయినుండి 166 మందితో వచ్చిన బోయింగు 737, గుట్టపై చదును చేసిన రన్‌వేపై దిగవలసియుండినది. కెప్టెను ప్రయాణములో చాలసేపు నిద్రించెననియు, విమానము కావలసినదానికంటె ఎత్తున, వేగమున వచ్చినదనియు విచారణ సంఘము తేల్చెను. ప్రక్కనున్న ఫస్ట్ ఆఫీసరు మరలి లేచుదమని మూడుమారులు చెప్పెను. కెప్టెను వినలేదు. సుమారు 8,000 అడుగుల దారిలో 5,200 అడుగులు గడచిన తరువాత చక్రములు నేలను తాకినవి. 158 మంది మరణించిరి, ఎనమండుగురు బ్రదికిరి.

మూడుమారులు చెప్పిన ఆ చిన్నవాని మాటయే నన్ను విడువకున్నది. అతనికి తెలియును, తెలిసినదానిని చెప్పెను, చెప్పి ఊరకుండెను. రెండుమారులు హెచ్చరించినను పెద్ద పలుకకున్నచో ప్రక్కవాడు తానే విమానమును తన చేతిలోనికి తీసికొనవచ్చునను పద్ధతి విమానయానమున కలదు. అతని చేయి కదలలేదు. కుంభకర్ణుడు అన్నకు నీవు చేసినది తప్పని సభలో చెప్పెను. చెప్పి, ఆ తప్పు పక్షముననే యుద్ధమునకు పోయి మరణించెను. విభీషణుడు విడిచిపోయెను, గాని గాలిలో నున్నవానికి విడిచిపోవుటకు చోటేది? మన పురాణములలో చిన్నవారికి ఈ రెండు దారులే చూపబడినవి: చెప్పి లోబడుట, చెప్పి వెడలిపోవుట. చెప్పి, పెద్దవాని చేతినుండి పగ్గములు తీసికొని, పని ముగిసిన తరువాత నమస్కరించి మరల అప్పగించుట యను మూడవ దారిని మనకెవరును నేర్పలేదు.

కాగితముపై నియమము వ్రాసినంతమాత్రమున అది చేతికి వచ్చునా? ఇరువది యేండ్లు ఇంటిలో పెద్దలకెదురు చెప్పినందుకు చెంపదెబ్బలు తిన్న పిల్లవాడు, నాలుగు క్షణముల వ్యవధిలో తన పై యధికారి చేతిని త్రోసివేయునని ఆశించుట వెఱ్ఱితనము. ఈ సీమలో ఆ శిక్షణ మరింత లోతైనది. దొర యెదుట చెప్పులు విడిచి, నడుము వంచి, నీ బాంచెనని పలికిన తరములు గడచి ఎంతో కాలము కాలేదు. ఆ పలుకు ఆగినను నాలుక మడత పడిన తీరు ఆగలేదు. నేటికిని ఎన్ని యిండ్లలో కోడలు పాలు విరిగినవని చెప్పుటకు అత్త ముఖము చూడవలసియున్నది! ఎన్ని కచేరీలలో గుమాస్తా తప్పు మొత్తమును చూచియు సంతకమునకు పంపుచున్నాడు!

దీనికి ఎదురుగా అదే పోచంపల్లిలో జరిగిన సంగతి నొకదానిని తలచుకొనవచ్చును. 1951 ఏప్రిలు 18న వినోబా భావే ఆ యూరికి వచ్చి, హరిజనవాడకు పోయి, మీకేమి కావలెనని అడిగెను. నలువది కుటుంబములకు ఎనుబది యెకరములు కావలెనని వారు అంకెతో సహా చెప్పిరి. ఆ కోరికను ఆయన సభలో ఊరివారి యెదుట ఉంచగా వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరములిత్తునని పలికెను. భూదానోద్యమము అచ్చటినుండియే పుట్టినదని అందరు ఎరుగుదురు. తరువాత దాని ఫలమెంత యనునది వేరు చర్చ. ఇచ్చట నేను గమనింపగోరునది ఆ మొదటి ప్రశ్నను. ఆ వాడవారికి నోరు లేకపోలేదు. అడిగినవాడు అంతకుముందు లేకపోయెను. పెద్ద ముందుగా అడిగెను గనుక చిన్నవారు స్పష్టముగా చెప్పిరి.

విమానయానము ఈ సత్యమును చాల ప్రాణములు పోగొట్టుకొని నేర్చుకొన్నది. 1978 డిసెంబరు 28న అమెరికాలోని పోర్ట్‌లండు చెంత ఒక డీసీ-8 విమానపు కెప్టెను చక్రముల లోపమును పరీక్షించుచు చుట్లు తిరుగుచుండగా, ప్రక్కవారు ఇంధనము తగ్గుచున్నదని మెల్లగా సూచించిరే గాని గట్టిగా చెప్పలేకపోయిరి. ఇంధనము ముగిసి విమానము కూలి పదిమంది మరణించిరి. ఆ మరుసటి యేట నాసా సంస్థ జరిపిన సభనుండి ఒక కొత్త శిక్షణ పుట్టినది. అందు చిన్నవానికి ఎదిరించుట మాత్రమే నేర్పరు. పెద్దవానికి వినుట నేర్పుదురు. లేచుటకు ముందే కెప్టెను ప్రక్కవానితో, నేను తప్పినచో చెప్పుము, చెప్పుట నీ విధి యని పలుకవలెను.

ఇట్లైనచో చిన్నవారెల్లరు ప్రతిదానికి అడ్డు తగులుదురనియు, గృహమునకు గాని విమానమునకు గాని యజమానియే లేకుండపోవుననియు కొందరు శంకింతురు. శంక పూర్తిగా నిరాధారము కాదు. కాని చిన్నవాడు చెప్పవలసినది తన అభిప్రాయమును కాదు. ముల్లు చూపుచున్న అంకెను. వేగము ఇరువది హెచ్చుగ నున్నదనుట ధిక్కారము కాదు. దానిని ధిక్కారముగా వినువాని చెవిలోనే దోషమున్నది.

అయినను శిక్షణ యొక్కటియే చాలదని కోళిక్కోడు తెలిపినది. 2020 ఆగస్టు 7న వానలో అచ్చటికి వచ్చిన విమానపు కెప్టెను మొదటి ప్రయత్నమున దిగలేక మరలి లేచెను. అనగా అతడు మరలుట తెలియనివాడు కాడు, సిగ్గుపడినవాడును కాడు. రెండవమారు వేరొక కొననుండి, వెనుకగాలితో వచ్చెను. 8,858 అడుగుల దారిలో 4,438 అడుగులు గడచిన తరువాత చక్రములు తాకినవి. అంతకు ముందే ప్రక్కవాడు గో-ఎరౌండ్ అని పలికియుండెను. ఇచ్చటను మాట వచ్చినది, చేయి రాలేదు. నడుపువారిరువురితో కలిపి 21 మంది మరణించిరి. మరుసటి యేట వెలువడిన విచారణ నివేదిక కెప్టెను తప్పును దాచలేదు. దానితోపాటు మరియొక సంగతియు వ్రాసినది: మరునాటి యుదయము కోళిక్కోడునుండి పోవలసిన విమానమునకు అతడే నియమింపబడియుండెను, ఆ స్థావరమున కెప్టెనుల సంఖ్య చాలకుండెను, వేరొక యూరిలో దిగినచో మరునాటి పని చెడును. ఎట్లైనను కోళిక్కోడుననే దిగవలెనను తహతహ అచ్చటినుండి పుట్టినదని నివేదిక భావము.

అభిమన్యునకు పద్మవ్యూహములోనికి పోవుట తెలియును, వెడలివచ్చుట తెలియదు. ఈ కథ చెప్పునప్పుడు మనము బాలుని శౌర్యమును తలచి కన్నీరు నింపుకొందుము. అతనికి వెడలుట తెలియదని ముందుగానే విని, మేము వెంట వత్తుములెమ్మని పంపిన ధర్మరాజును ఎవరును ప్రశ్నింపరు. పంపినవారు వెంట పోలేకపోయిరి.

గో-ఎరౌండ్ చేసినవానిని శిక్షింపరాదని నేడు అనేక విమానసంస్థల నియమములలో వ్రాసియున్నది. ఆ నియమము ప్రక్కనే మరునాటి పనిని వ్రాసిన పట్టికయు నుండును. శిక్షణశాలలో గంటకింత యను రుసుముల పట్టిక యుండును. కన్నులకు ఎదురుగా దారి కరగిపోవుచున్న క్షణమున మనుష్యునకు గుర్తుకు వచ్చునది ఏ కాగితమో ఊహించుట కష్టము కాదు. మరలిన చుట్టునకు రుసుము పుచ్చుకొనరాదని ఒక శిక్షణశాల నిర్ణయించినచో, దానివలన దానికి కలుగు నష్టము ఏడాదికెంత యగును? విరిగిన ఒక్క ముందు చక్రపు ఖరీదుతో దానిని పోల్చి చూచి, బిడ్డను పంపు తలిదండ్రులు చేరిక పత్రముపై సంతకము చేయుటకు ముందే ఈ లెక్కను అడుగవచ్చును.